మనుషులను మాగేసే గది

మనాలీ పైన ఒక కొండ ఊరు

మేనమామ మున్వర్ గారికి, మేనల్లుడు షాహిద్ వణుకుతూ చేసుకునే సలాం.

మంచు పడి ఇక్కడి సెల్ టవరు పడకేసింది. పాల జీపు వాడు కిందికి పోయేటప్పుడు ఉత్తరాలు పట్టుకుపోతానన్నాడు. అందుకే ఈ కాగితం.

నేను ఉద్యోగంలో చేరాను. ఠాకూర్ గారనే పెద్దమనిషిది చెక్క ఇల్లు. సగంలో కాపురం, సగం యాత్రికులకు అద్దె. ఇంటి కింద నేలమాళిగ, అందులో నిలువెత్తు ఇనప పొయ్యి. కట్టెలు వేస్తే ఆ వేడి గొట్టాల గుండా పైకెక్కి ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది. ఆ పొయ్యికి సర్వాధికారిని నేనే. ఎంపిక ఎలా జరిగిందో వింటే మీ మీసం లేస్తుంది. మాది ప్రొద్దుటూరు అన్నాను. మే నెలలో ఎండ ఎలా ఉంటుందని అడిగారు. వర్ణించాను. ఆయన నా సర్టిఫికెట్లు విప్పకుండానే తిరిగిచ్చి, నేలమాళిగ తాళం చేతిలో పెట్టారు. బీటెక్ చదివినందుకు దొరకని గౌరవం ప్రొద్దుటూరులో పుట్టినందుకు దొరికింది.

‘గౌరవమైన పని దొరికినాకనే మా ఇరమ్ పెండ్లి మాటెత్తు’ అని మీరు పెట్టిన షరతు నెరవేరినట్టే కనుక, ఆ మాట ఇందుమూలంగా ఎత్తుతున్నాను.

ఇట్లు,
వేడిమి శాఖ అధిపతి,
షాహిద్

తా.క.: శాఖలో ప్రస్తుతం నేనొక్కడినే.

పులివెందుల

షాహిద్ బేటాకు, మామ మున్వర్ చెప్పి రాయించేది. ఈడ అందరం బాగుండాం.

నీ జాబు ఇరమ్ చదివితే విన్నా. శానా గర్వమైంది. కింద గది, లోపల కట్టెల పొయ్యి, గది మొత్తం వెచ్చగా. ఇది మన పనే గదా అబ్బీ. మన అరటికాయ మాగేసే కొట్టు మాదిరే. మా నాయన కాలం నుంచి పులివెందులలో పొగ పెట్టి కాయ మాగేసేదంటే మన ఇల్లే. గ్యాసు ముట్టం, మందు ముట్టం. మా అల్లుడు హిమాలయాల్లో మాగేసే కొట్టుకు పెద్ద అయినాడని మండీలో అందరికీ చెప్పి టీ పోయించినా.

ఒకటే అర్థం కాలే. ఆ చలిలో ఏం కాయ మాగేస్తాండారు? గెలలన్నీ ఇంట్లో పెడితే ఆ యాత్రికులు యాడ పండుకుంటారు?

తలుపు సందులకు పేడమట్టి మెత్తు. పొగ ఇంత కూడా బయటికి పోగూడదు. మధ్యలో తలుపు తీసి చూడొద్దు.

ఇట్లు,
మున్వర్

తా.క.: ఇది నేను, ఇరమ్. నువ్వెత్తిన మాటకు నాయన అవుననలేదు, కాదనలేదు. ‘కాయను చూసి చెప్తా’ అన్నాడు. కాయ అంటే నువ్వో, నిజం కాయో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మనాలీ పైన

మామ గారికి సలాం.

చిన్న సవరణ. ఈ ఇంట్లో అరటికాయలు లేవు. మాగేది మనుషులే. నిన్న ఠాకూర్ గారి తల్లి ఈ చలికాలంలో మొదటిసారి శాలువా తీసి మడిచి పక్కన పెట్టారు. ఊరికి పేరు తేవడానికి ఇంకేం చేయాలి?

పొగ విషయంలో మీ అనుభవానికి నమస్కరిస్తూనే మనవి చేస్తున్నాను. పొగ మొత్తం గొట్టం ద్వారా ఆకాశంలోకి పంపిస్తున్నాం. దాన్ని లోపల ఆపితే యాత్రికులు ఒకే యాత్ర చేస్తారు, అదీ పైకి.

ఇట్లు,
షాహిద్

తా.క.: పేడమట్టి దొరకదు. ఇక్కడ పేడ కూడా గడ్డకట్టే ఉంటుంది.

పులివెందుల

షాహిద్‌కు మామ రాయించేది.

మనుషులను మాగేస్తాండావా? అది సరే, పెద్దోళ్ల ఇండ్లలో ఏమేమో ఉంటాయి. పొగను ఆకాశానికి పంపిస్తాండావు చూడు, అది నేను ఓర్చుకోలేను. పొగ పోయినాక ఇంగ కొట్టెందుకు? మండీలో అందరికీ చెప్పుకుంటి, ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకోవాల?

వలి బాషా లారీ కాయలతో ఢిల్లీకి పోతాండాది. ఆడిదాకా దాంట్లో, ఆడి నుంచి బస్సులో నేనూ వస్తాండా, పచ్చి గెలలు తీసుకొని. నీ పొయ్యి కాడ పెట్టి మాగెయ్యి. మచ్చ లేకుండా పసుప్పచ్చగా వస్తే పిల్లనిస్తా. లేదంటే ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే జమ్మలమడుగు సంబంధం ఖాయం.

ఇట్లు,
మున్వర్

తా.క.: ఇరమ్‌ను. చలికి నాయన తయారుగానే బయల్దేరుతున్నాడు, లుంగీ మీద ఇంకో లుంగీ. చలి తగిలితే అరటికాయ మాగదు, నల్లబడిపోతుంది. ఈ సంగతి నాయనకూ తెలుసు, కోపంలో గుర్తు లేదు. నేను గుర్తు చేయలేదు. చేస్తే ప్రయాణం మానుకొని నేరుగా జమ్మలమడుగు పోతాడు.

మనాలీ పైన

పులివెందులలో ఉన్న షాహిద్ బేటాకు, మామ మున్వర్, రాసిపెట్టేదానికి ఇరమ్ లేక, సొంత చేత్తో కూడబలుక్కుంటూ రాసేది.

నిన్ను మన కొట్టు చూసుకోమని పంపించి నేను ఈడ నిలబడిపోయినందుకు మీ అత్త తిడతాందంట. మంచుకు దావ మూసినారని చెప్పు. దావ ఎప్పుడో తెరిచినారు, అది చెప్పొద్దు.

నేను తెచ్చిన గెలలు బొగ్గు మాదిరి నల్లగై దిగినాయి. నువ్వు నవ్వలే. నా చేతులు కొయ్యబారిపోయినాయని చూసి, పొయ్యి కాడ కూర్చోబెట్టి కట్టె ఎగదోసినావు. పొగ లేకుండా కూడా మాగుతుందని అప్పుడు తెలిసింది. మాగింది నేనే గదా.

ఇరమ్‌ను నీకిస్తాండా. జమ్మలమడుగు వాళ్లకు వద్దని కబురు పంపినా. నీది గౌరవమైన పనే. అంత గౌరవమైన పని మాత్రం నీకు తిరిగియ్యను, పొయ్యి ఇంగ నేనే చూసుకుంటా. ఠాకూరు తల్లి నన్ను ఉస్తాద్ అని పిలుస్తాది, పులివెందులలో ఒక్కరన్నా అట్ల పిలిచినారా? ప్రొద్దుటూరు ఎండ చూసి నిన్ను పెట్టుకున్నారంట గదా. పులివెందుల ఎండ దానికంటే ఒక పిసరు ఎక్కువేనని ఠాకూరుకు చెప్పినా. ఒప్పుకున్నాడు.

నిఖా వేసవిలో పెట్టండి. ఈడ పొయ్యికి అప్పుడే సెలవు.

ఇట్లు,
వేడిమి శాఖ అధిపతి,
మున్వర్

తా.క.: మన మాగేసే కొట్టుకు నువ్వు పొగగొట్టం పెట్టించినావని ఇరమ్ రాసింది. వెంటనే పీకెయ్యి. లేదంటే జమ్మలమడుగు వాళ్లు ఇంకా ఒప్పుకునే ఉండారు.