పద్నాలుగో స్థానంలో నా ఫోటో

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వూ వదినా అమ్మా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలికి కొత్త మందు పనిచేస్తోందా? మీ బావగారికి దగ్గు తగ్గింది, గొణుగుడు తగ్గలేదు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగిన జాబితా దొరికింది. ఉద్యోగాల్లో ఆడవాళ్లకూ మైనారిటీలకూ సరిగ్గా చోటిచ్చే పెద్ద కంపెనీలకు ఏటా ర్యాంకులిస్తారు. మా లైబ్రరీ కంప్యూటర్లో వెతికి, అచ్చు తీసి దీంతో పెట్టాను. ఏ కంపెనీ ఎవరిది, ఎవరు నడుపుతున్నారు అని అడిగేవాళ్లకు చూసిపెట్టడమే కదా ఇక్కడ నా పని. దాని పక్కనే ఇంకో జాబితా ఉంది. ఈ పెద్ద కంపెనీలు సరుకు కొనే చిన్న కంపెనీలది, మైనారిటీలో ఆడవాళ్లో సొంతంగా నడిపేవాటిది. అది నువ్వు అడగలేదు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, తెరిచాను.

పద్నాలుగో స్థానంలో మన అట్టపెట్టెల కార్ఖానా ఉంది. యజమానిని నేనట. నాన్న నీలం కోటు తొడుక్కుని కోత మెషిన్ పక్కన నిలబడ్డ నా పాత ఫోటో వేశారు. ప్రతి ఆర్డరూ నేనే చూసుకుంటానని నేను చెప్పినట్టు రాశారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత కంపెనీల రిజిస్టరు చూశాను. నూటికి యాభై ఒక్క వంతు వాటా నా పేరు మీదే ఉంది. ఆ తేదీ, నాన్న ఆస్పత్రిలో ఉండగా "బ్యాంకు కాగితాలేలే, చదవక్కర్లేదు" అని నువ్వు నాచేత సంతకాలు పెట్టించిన రోజు. ఇప్పుడు పదిమందికి కాగితాలు చదివిపెడుతున్నాను గానీ, ఆ రోజు నువ్వు చాపింది చదవలేదు. అన్నయ్యవి కదా అనుకున్నాను.

నాన్న పోయిన నెలకే ఏమన్నావో గుర్తుందా? "ఆడదానివి, మెషిన్ల మధ్య నీకెందుకమ్మా? ఎక్కడైనా నీడపట్టున కూర్చునే ఉద్యోగం చూసుకో" అన్నావు. పన్నెండేళ్లు చేసిన పని వదిలి ఏడుస్తూ వచ్చేశాను. ఆడదాన్నని నన్ను బయటికి పంపావు, ఆడదాన్ననే నా ఫోటో పెట్టుకున్నావు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కోపం కంటే అవమానంగా ఉంది అన్నయ్యా.

ఒక సంగతి ఇంతవరకూ దాచాను. మొన్న నా పేరు తీయించేద్దామని ఆ జాబితా ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకావిడ మాట్లాడింది.

"కంపెనీ మీరే నడుపుతున్నారా అండీ?" అంది.

లేదంటే ఆర్డర్లు పోతాయి, నాన్న చేర్చుకున్న ఇరవైమంది రోడ్డున పడతారు. ఔనంటే నీ అబద్ధం నాదవుతుంది.

"ఇన్నాళ్లూ మా అన్నయ్య నడిపాడండీ. సోమవారం నుంచి నేను నడుపుతాను. అలాగే రాసుకోండి" అన్నాను.

ఆవిడ రాసుకుంది. నేను లైబ్రరీలో రాజీనామా ఇచ్చేశాను. పిల్లల్ని తాను చూసుకుంటానని మీ బావగారు గొణుగుతూనే ఒప్పుకున్నారు.

ఆదివారం బస్సెక్కుతాను, సోమవారం తొమ్మిదింటికి కార్ఖానాలో ఉంటాను. నువ్వు వెళ్లిపోనక్కర్లేదు. ఆ మాట పడ్డదాన్ని, నిన్ను అనలేను. నీకక్కడ పని ఉంటుంది. ఏం పనో నేను చెబుతాను.

ఇట్లు,
అయినా నీ చెల్లెలు