కఫీల్ మాట ఎత్తిన శుక్రవారం

ఖతీఫ్, సౌదీ అరేబియా,
శనివారం ఉదయం

చిరంజీవి విశ్వనాథానికి,

పెద్దక్క దీవెనలు. మీ బావకూ నాకూ ఒంట్లో కులాసా. నీ కొడుకు పునీత్‌కు జ్వరమూ దగ్గూ ఏమీ లేవు. ఖఫ్జీలో నువ్వూ మరదలు నమ్రతా బాగున్నారని తలుస్తాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు. అందుకని ఇది రాసి, అటు వస్తున్న సదానందం చేతికిస్తున్నాను. చివరిదాకా చదువు.

నమ్రత పంపిన మామిడి తొక్కూ, నీ ఉత్తరమూ చేరాయి. నీ కొడుకు లెక్కల మార్కులు అడిగావు. బాగానే వచ్చాయి. మా ఇంట్లో ఉండి చదువుకోవడానికి వాడికేం ఇబ్బంది లేదు. వాడు నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. దానికే వస్తున్నాను.

పోయిన నెల నువ్వొచ్చిన శుక్రవారం, పిల్లల ఫుట్‌బాల్‌లో రిఫరీ సుభాన్ పునీత్ మీద ఫౌల్ ఇచ్చాడు. సుభాన్ వారమంతా ఏసీలు బాగుచేసే మనిషి, మన నిజామాబాద్ వైపువాడు. సెలవు రోజున పిల్లల కోసం విజిల్ పట్టుకుంటాడు. నువ్వు గీత దాటి లోపలికి వెళ్లి, "కండ్లు దొబ్బినయా? రేపే నీ కఫీల్‌కు ఫోన్ కొడ్త. ఇఖామా క్యాన్సిల్ జేయించి ఇంటికి తోలిస్త" అన్నావు. పిల్లలంతా విన్నారు. వీసా ఇచ్చిన కఫీల్ ఆ ఇఖామా రద్దు చేయిస్తే మనిషికి ఈ దేశంలో ఉండే అనుమతే పోతుంది. అతని కంపెనీకి మీ కంపెనీయే పనులిస్తుందని అతనికి తెలుసు. నీకూ తెలుసు.

ఆట వేడిలో అన్న మాటే తప్ప నిజంగా చేస్తానా అని రాశావు. చెయ్యవు. అది నాకు తెలుసు. సుభాన్‌కు ఎలా తెలుస్తుంది?

ఆ కిందే, అరిస్తేనే వాడు దారికొచ్చాడని కూడా రాశావు. ఎలా వచ్చాడో విను. తరువాతి శుక్రవారం పునీత్ గోల్ దగ్గర తనంతట తానే కాలు జారి పడ్డాడు. లేచి, సుభాన్ ముఖంలోకి చూసి, "మా డాడీకి చెప్పాల్నా?" అన్నాడు. సుభాన్ పెనాల్టీ ఇచ్చాడు. నీ కొడుకు గోల్ కొట్టాడు. జట్టులో ఒక్కడూ వాడి దగ్గరికి రాలేదు. అవతలి జట్టు పిల్లవాడి తండ్రి వచ్చి, లంచం తిన్నావని సుభాన్‌ను నానా మాటలూ అన్నాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. నేను మాట్లాడబోతే, "పోనీయున్రి అమ్మా. ఆడపిల్లలున్నోణ్ణి, నాకు పని ముఖ్యం" అన్నాడు.

రోజూ దీపం పెట్టి ఇంటిల్లిపాది పేర్లూ దేవుడికి చెప్పుకుంటాను. ఈ మధ్య నీ పేరు దగ్గర నోరు రావడం లేదు.

ఇక ఇంతదాకా ఆపిన మాట. నిన్నిక గ్రౌండ్‌కు రానిచ్చేది లేదని నిర్వాహకులు పంపిన మెసేజ్ చూసి, అది సుభాన్ పనేననీ, ఈసారి వాణ్ణి వదలననీ మీ బావతో అన్నావట. ఫిర్యాదు చేసింది సుభాన్ కాదు. నేను. సంతకం పెట్టి ఇచ్చాను. పగ తీర్చుకోవాలనుంటే నా మీద తీర్చుకో. అతని జోలికి వెళితే నీకు అక్క లేదనుకో.

పునీత్‌ను కొన్నాళ్లు ఆడనివ్వొద్దని చెప్పిందీ నేనే. ఆ పెనాల్టీ రోజు కారులో వాడు, "అత్తమ్మా, సుభాన్ అంకుల్ నాకు భయపడ్తుండా?" అని అడిగాడు. అవునన్నాను. "నేను పిలగాన్నే గద" అన్నాడు. ఇల్లు చేరేదాకా ఏడ్చాడు. అందుకే వాడు నీ ఫోన్ ఎత్తడం లేదు.

వచ్చే శుక్రవారం రా. గ్రౌండ్‌కు కాదు, సుభాన్ ఉండే గదికి. కొడుకును పక్కన నిలబెట్టుకుని తప్పయిందని చెప్పు. రాకపోతే వాణ్ణి నేనే తీసుకెళ్తాను. "మా డాడీ తరఫున తప్పయింది" అని వాడే చెబుతాడు.

ఇట్లు,
నీ పెద్దక్క
ఆండాళ్