నూట ఎనభై దగ్గర అనుమానం

మా ఇంటి చదువుల తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కరెంటు చదువు చదువుతున్నావు కాబట్టి అడుగుతున్నాను. ఓవెన్ నాబ్ దానంతటదే తిరుగుతుందా? నూట ఎనభై దగ్గర పెట్టి పెరట్లోకి వెళ్లొచ్చేసరికి నూట నలభై దగ్గర ఉంటోంది. అబ్బాయి ఆఫీసులో ఉంటాడు. మీ పెదనాన్న చెయ్యి పేపరు వదలదు. ఇక మిగిలింది కొత్త కోడలు. నా చేతికున్న పేరు పోగొట్టాలనే! నెలాఖరుకి ఇద్దరినీ వేరు కాపురం పెట్టించేస్తాను. వీధి చివర రెండు గదులు చూసొచ్చాను.

మీ పెద్దమ్మ

తా.క. కేకు మాత్రం బాగానే వస్తోంది. అదే నా అనుమానం.

*

పెద్దమ్మకి నమస్కారాలు.

నలభై తగ్గినా కేకు బాగా వస్తోందంటే అనుమానించాల్సింది వదినని కాదు, ఓవెన్‌ని. లోపల వెనక గోడకి పెన్సిలంత స్టీలు కడ్డీ ఉంటుంది. వేడి కనిపెట్టే సెన్సరు అదే. ఓవెన్ థర్మామీటరు మధ్య అరలో పెట్టి, నూట ఎనభైకి తిప్పి, అరగంటాగి చూడు.

నీ కూతురులాంటి నేను

తా.క. నాబ్ ఎవరూ ముట్టుకోకూడదు. నువ్వు కూడా.

*

తల్లీ,

నాబ్ మీద టేపు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాబ్ నూట ఎనభై, థర్మామీటరు రెండువందల ఇరవై అయిదు! ఆ రోజు కోడలు పుట్టింట్లో ఉంది. ఇంట్లో లేకుండానే ఇంత పని చేసిందంటే ఎంత గుండెలు తీసిన బంటో చూడు. పనిలో పనిగా కేకు కూడా పెట్టాను. బొగ్గయింది. గదుల తాళాలు తెచ్చేసుకున్నాను.

కడుపు మండుతున్న పెద్దమ్మ

తా.క. ఆ థర్మామీటరు కోడలు కొన్నదే. దాని మాట నమ్మొచ్చా?

*

పెద్దమ్మా,

థర్మామీటరుకి బంధుత్వాలు తెలియవు. ప్లగ్గు తీసి, ఓవెన్ చల్లారాక, మెకానిక్ చేత సెన్సరు విప్పించి మల్టీమీటరు పెట్టించు. మీ ఓవెన్ పుస్తకం ప్రకారం గది వేడిలో వెయ్యీ ఎనభై ఓమ్‌లు చూపించాలి. బాగా తక్కువ చూపిస్తే, ఆ సెన్సరు "ఇంకా వేడెక్కలేదు" అని ఓవెన్‌కి అబద్ధం చెబుతున్నట్టు. పాపం ఓవెన్ దాన్ని నమ్మి ఇంకా కాలుస్తుంది. మార్పిస్తే సరి.

నమస్కారాలతో

తా.క. తాళాలు అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు. బతిమాలుతున్నాను.

*

బంగారుతల్లీ,

కోడలు బజారుకి వెళ్లిన వేళ చూసి మెకానిక్‌ని పిలిచాను. మీటరు తొమ్మిదివందల పది చూపించింది. కొత్త సెన్సరు వేశాడు. థర్మామీటరూ నాబూ ఒకే మాట మీదకొచ్చాయి. టేపు పీకేసి, కేకు పెట్టి, తలుపు చాటున నిలబడ్డాను. కోడలు పిల్లిలా వచ్చి నూట నలభైకి తిప్పింది. కేకు లోపలంతా పచ్చి పిండే.

"దొరికావే!" అన్నాను.

"అదేంటత్తయ్యా, ఈ ఓవెన్ ఎప్పుడూ మాడుస్తుందిగా! మీరు ముచ్చటపడి కొనుక్కున్నదానికి వంక పెడితే బాధపడతారని, నెల నుంచీ నేనే తగ్గిస్తున్నా. మామయ్యకి మొదటిరోజే చెప్పానే!"

ఆయన్ని నిలదీశాను. పేపరు దించకుండా, "చెప్పింది. నువ్వేమో పరీక్ష చూస్తానని రోజూ కేకు చేస్తున్నావు. విషయం తేలిపోతే కేకులు ఆగిపోతాయి కదే!" అన్నారు.

కోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అబ్బాయి పెళ్లయ్యాక మేమిద్దరం ఒకే మాట మీద ఉండటం ఇదే మొదలు.

మీ పెద్దమ్మ, వదిన

తా.క. ఆ గదులు వృథా కాలేదు. మీ పెదనాన్నకి ఇకమీదట ఉత్తరాలు అక్కడికే రాయి.