కోపం చాప

భోపాల్‌పట్నం,
మంగళవారం.

బాల్‌వాడీ టీచరు జ్ఞానప్రసూన గారికి,

కిరాణా కొట్టు దశరథరామయ్య మండిపడుతూ రాస్తున్న ఉత్తరం. నిన్న మా కొట్టులో అమ్మడానికి హుంగా అనే మనిషి తెచ్చిన ఇప్పపువ్వు తడిగా ఉందని అతన్ని నాలుగు మాటలు అంటున్నాను. మీ దగ్గర చదివే నా మనవరాలు మహాలక్ష్మి, నిండా నాలుగేళ్లు లేవు, లోపల్నుంచి చాప లాక్కొచ్చి పరిచింది. "తాతా, ఇది కోపం చాప. ఈడ కూసో. తగ్గినంక మాట్లాడు" అంది. కొట్టులో ఉన్న జనమంతా నవ్వారు. హుంగా అయితే తక్కెడ పట్టుకుని మరీ నవ్వాడు. పిల్లను అక్షరాల కోసం పంపాను గానీ ఇలా శిక్షలు వేయడం నేర్చుకోవడానికి కాదు. ఇది ఆపకపోతే బడి మాన్పిస్తాను.

ఇట్లు,
పరువు పోయిన దశరథరామయ్య

తా.క. ఇప్పపువ్వు మాత్రం నిజంగానే తడిగా ఉంది.

---

పెద్దలు దశరథరామయ్య గారికి నమస్కారాలు.

నాకూ కోపం వచ్చింది కాబట్టి కాసేపు ఆగి రాస్తున్నాను. అది శిక్ష కాదు. కోపమొచ్చిన పిల్లలు ఆ చాప మీద కూర్చుని, తగ్గాక ఎందుకొచ్చిందో చెబుతారు. మన ఊరి గంగే కొడుకు మాసా బడిలో పక్కపిల్లల్ని కొరికేవాడు. మొన్న కొరకబోయి ఆగి, "నాకు కోపమొస్తాంది" అన్నాడు. నాకు మీ అక్షరాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఏడుస్తున్న పిల్ల చెవిలో ఏ అక్షరమూ పడదు. తనిఖీకి పైనుంచి వచ్చేవాళ్లు మాత్రం అంకెలు ఎన్ని వచ్చని అడుగుతారే తప్ప, పిల్ల ఎందుకు ఏడుస్తోందని ఒక్కరూ అడగరు.

ఇట్లు,
జ్ఞానప్రసూన

తా.క. మీ మహాలక్ష్మి ఇంతవరకు ఆ చాప మీద కూర్చోనే లేదు. అందరినీ కూర్చోబెట్టేది తనే.

---

టీచరమ్మకు,

మీ తా.క. చదివి ఒళ్లు మండిపోయింది. గంగే కొడుక్కి చాప ఉంది, మా వీధి దేవే కూతురికి చాప ఉంది, మా పిల్ల ఒక్కతే నిలబడాలా? మా గడప తొక్కిన ప్రతి మనిషికీ ముందు చాప వేస్తాం, ఆ తర్వాతే మంచినీళ్లు. అలాంటి ఇంటి పిల్లకు మీ బడిలో ఆ మర్యాద దక్కలేదా? జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు పంపాను. ఎర్ర అంచు ఉన్న కొత్త చాప మీద మహాలక్ష్మి పేరు రాయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
అవమానం దిగమింగలేని
దశరథరామయ్య

తా.క. నీళ్లు తగలనీయకండి, రంగు పోతుంది.

---

దశరథరామయ్య గారికి,

చాప వచ్చింది. ఎర్ర అంచు చూడగానే పిల్లలందరికీ ఒక్కసారే కోపం వచ్చింది. దాని మీద కూర్చోవాలంటే కోపం రావాలి కదా. మీ మహాలక్ష్మిదేమో తనకు కోపం రావడం లేదని ఏడుపు. సరిగ్గా అప్పుడే మీ ఫిర్యాదు పట్టుకుని సూపర్‌వైజర్ మేడం దిగారు. "యే క్యా హో రహా హై?" అంటూ ఇక్కడేం జరుగుతోందని గద్దించారు. పిల్లలు తమ మనసులోది చెప్పడం నేర్చుకుంటున్నారని చెబుతుండగానే మాసా ఆవిడ కొంగు కొరికాడు.

సోమవారం నుంచి నన్ను మద్దేడ్ ఊరి బడికి బదిలీ మీద పొమ్మన్నారు. ఈ పిల్లల్ని ఎవరు చూస్తారో తెలియదు. నాకు చాలా బాధగా ఉంది. మీ మీద చాలా కోపంగా ఉంది. పిల్లలకు చెప్పమని నేర్పిన దాన్ని కాబట్టి నేనూ చెబుతున్నాను.

ఇట్లు,
జ్ఞానప్రసూన

తా.క. రంగు పోలేదు.

---

అమ్మా జ్ఞానప్రసూన గారికి,

మీ ఉత్తరం చదివి, మేడం మీద కేకలేద్దామని జిల్లా ఆఫీసుకు బయల్దేరాను. మహాలక్ష్మి ఇంట్లో చాప చుట్టి చంకన పెట్టుకుని నాతో పాటు బస్సెక్కింది. అక్కడ నేను నోరు తెరవబోతుంటే గుమ్మం ముందే చాప పరిచి, "ముందు కూసో తాతా" అంది. కూర్చుని కళ్లు మూసుకున్నాను.

తెరిచి చూసేసరికి పింఛను పని మీద వచ్చినవాళ్లంతా నా వెనకే కూర్చుని ఉన్నారు. గుమాస్తాలు అటూ ఇటూ పరుగులు. మీ బదిలీ మీద ధర్నా అనుకున్నారట. మేడం స్వయంగా మంచినీళ్లు తెచ్చి, మీ బదిలీ రద్దు కాగితం చేతిలో పెట్టి, ఇంకేం కావాలని అడిగారు. "ఏం వద్దమ్మా, తగ్గినంక నేనే లేస్తా" అన్నాను.

మహాలక్ష్మి ఊరుకుంటుందా? "ఎవరి మీద కోపం తాతా?" అంది. మేడం పేరు చెప్పబోయి చెప్పలేకపోయాను. "నా మీదనే బిడ్డా" అన్నాను. చాలా సిగ్గేసింది. సోమవారం మీరు మన బడే తెరవండి. పిల్ల వస్తుంది.

ఇట్లు,
దశరథరామయ్య

తా.క. హుంగా ఇవాళ కూడా తడి ఇప్పపువ్వే తెచ్చాడు. తూకానికి ముందు తనే నాకు చాప పరిచాడు.