మకు కొమ్మిస్తే ము

జూలై 2, మంగళవారం

పొద్దున్నే ప్రెసిడెంటు సారు వచ్చి బీరువా తెరిపించాడు. పాత మినిట్స్ బుక్కు బయటికి తీసి, ఆ దుమ్మంతా నా మొహాన దులిపాడు. ఇకనుంచి సంఘం రిజిస్టర్లన్నీ తెలుగులోనే ఉండాలట. ఈ బుక్కు ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా ఉర్దూ. నాకు ఉర్దూలో అలీఫ్ తప్ప రెండో అక్షరం రాదు.

"నాకు ఉర్దూ చదవరాదు సార్" అన్నాను.

"మేనేజరు కదా సుగుణమ్మా, మేనేజ్ చెయ్యుండ్రి" అన్నాడు. ఆ మాటకు తనే నవ్వుకుని వెళ్లిపోయాడు.

మేనేజరు! జిల్లా లెక్కల టీచర్ల సంఘం ఆఫీసంటే ఒక గది, రెండు బీరువాలు, ఒక సైక్లోస్టైల్ మిషను, నేను. జిల్లా ఆఫీసులన్నీ సంగారెడ్డిలో ఉంటే ఇదొక్కటి మెదక్‌లో ఎందుకుందో అడిగితే ఎవరూ చెప్పరు.

జూలై 3

సర్క్యులర్లు మడవడమే పని. స్టెన్సిల్‌లో "మహాసభ"కు బదులు "మహసభ" పడింది. అందరికీ పోయాక చూశాను. లెక్కల టీచర్లు కదా, దీర్ఘాలు పట్టించుకోరులే.

జూలై 5, శుక్రవారం

ఖాదర్ సాబ్‌ను ఒప్పించాను. రిటైరైన పోస్టుమాస్టరు, ఎంత కొక్కిరిబిక్కిరి రాతైనా చదివిన మనిషి. ఆయన ఉర్దూ చదవాలి, నేను తెలుగులో రాసుకోవాలి. రోజూ రెండు గంటలు, రెండు చాయ్‌లు.

మొదటి పేజీ బాగానే నడిచింది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, తలుపుకు గొళ్లెం కావాలని తీర్మానం. ఆ గొళ్లెం ఇప్పటికీ లేదు.

తర్వాత ఒక పేజీ దగ్గర ఆయన ఆగిపోయాడు. "మమ్మోల... మమ్మూల... ఏందమ్మా గిది, కూరగాయనా?"

నాకూ అర్థం కాలేదు. జుమ్మా నమాజుకు టైమైందని లేచి వెళ్లిపోయాడు. మధ్యాహ్నమంతా మమ్మూల, మమ్మోల అని గొణుక్కుంటూ కవర్లు అంటించాను.

జూలై 8, సోమవారం

తేలింది! అది ముమ్మూల. అంటే త్రిభుజం.

తెలుగు మాటలనే ఉర్దూ అక్షరాల్లో రాశాడు ఆనాటి సెక్రటరీ. ఆయనకు తెలుగు రాయడం రాదు పాపం, ఇప్పుడు ఆయనా లేడు. సంగతేమిటంటే, బళ్లలో చదువు ఉర్దూ నుంచి తెలుగుకు మారినప్పుడు మన టీచర్లందరికీ లెక్కలు ఉర్దూలోనే వచ్చు. పిల్లలకు తెలుగులో చెప్పడానికి మాటల్లేవు. అప్పుడెవరో కూర్చుని మాటలు పుట్టించారు. ముసల్లస్‌కు ముమ్మూల. దాయిరాకు గుండ్రం. జావియాకు మూల. జావియా కాయిమాకు, అంటే తొంభై డిగ్రీల కోణానికి, మూలమట్టం. మేస్త్రీలు గోడ మూలకు పెట్టి చూసే ఆ పనిముట్టు పేరే!

పన్నెండు పేజీల మాటలు. ఎంత బాగున్నాయో. ఎవరు రాశారు సాబ్ అని అడిగాను. భూతద్దం పెట్టి చూసి చెప్పాడు.

"మత్తయ్య సాహెబ్ అని ఉన్నది."

మత్తయ్య. మా నాయన.

చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో నాకే తెలియలేదు.

జూలై 9

నిన్న ఇంటికి పోగానే అమ్మకు చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మ చేటలో బియ్యం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ముప్పై ఏండ్లు చాక్‌పీసు దుమ్ము మింగిండు బిడ్డా. ఒక్క కాయితం మీదన్న పేరు పడలె. పడ్డదంటే సమాధి రాయి మీదనే" అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇవాళ ప్రెసిడెంటు సారుకు చూపించాను. ఎగిరి గంతేశాడు. ఆగస్టు ఆఖరున మహాసభకు దీన్ని పుస్తకం వేయిద్దాం, అట్ట మీద పేరు పెద్దక్షరాల్లో వేద్దాం అన్నాడు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

జూలై 11, గురువారం

కొంప మునిగింది.

ఖాదర్ సాబ్ ఇవాళ మెంబర్ల పట్టీ చదివాడు. మత్తయ్య, మెదక్. సరే, నాయనే. రాసుకున్నాను. ఇంకో పది పేర్లయ్యాక "ముత్తయ్య, శివ్వంపేట" అన్నాడు. రాసుకుంటూ ఊరికే తొంగి చూశాను. ఉర్దూ రాకపోయినా కళ్లున్నాయి కదా. రెండు పేర్లూ ఒక్క తీరుగానే ఉన్నాయి!

"రెండూ ఒక్కటే రాశిండ్రు కదా సాబ్?"

"అవునమ్మా. మీమ్, తే, యే, అలీఫ్. మత్తయ్య అనుకో, ముత్తయ్య అనుకో. ఉర్దూల గంతే. పేష్ పెడితే ము అయితది, కానీ పేష్ ఎవ్వలు పెడ్తరు? మెదక్ అంటే మీ చర్చి మత్తయ్య అనుకున్న, శివ్వంపేట అంటే ముత్తయ్య అనుకున్న."

"మరి మాటలు రాసింది...?"

మళ్లీ ఆ పేజీ తీశాం. ఊరి పేరు లేదు. ఉత్త "సాహెబ్" ఉంది. మీమ్ మీద ఒక చిన్న నల్ల చుక్క ఉంది. భూతద్దం పెట్టి ఇటు తిప్పి, అటు తిప్పి, ఎండలోకి తీసుకుపోయి చూశాడు.

"పేష్ అయినా కావచ్చు, ఈగ చేసిన పని అయినా కావచ్చు" అన్నాడు.

"మరి ఆరోజు మత్తయ్య అని ఎట్ల చదివిండ్రు సాబ్!"

"నువ్వు ఎదురుంగ ఉన్నవు కదమ్మా" అన్నాడు. ఆయన మీద కోపం రావాలి. రాలేదు.

జూలై 12

అమ్మకు చెప్పలేదు.

జూలై 14, ఆదివారం

చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క ఎక్కలేదు. పై కప్పు చూస్తూ కూర్చున్నాను. మా తాత ఈ కట్టడానికే మేస్త్రీల కింద పనిచేశాడు. మూలమట్టం మాట మా ఇంటిదే అని ఒక్కసారిగా తట్టింది. నాయన చాప వంకరగా పరిస్తే "మూలమట్టంగ వెయ్యి బిడ్డా" అనేవాడు. అన్నాడు, నా చెవులతో విన్నాను!

ఇంటికొచ్చే దారిలో సంతోషం దిగిపోయింది. ఈ చుట్టుపక్కల ఎవరి తాతను అడిగినా చర్చికి రాళ్లు మోసినవాడే. ముత్తయ్య తాత మాత్రం మోయలేదని ఎవరు చెప్పారు?

జూలై 16

ఆ రోజుల నాటి మెంబర్లు ఇద్దరికి శుక్రవారమే కార్డులు రాశాను. నాకు మాత్రం బుర్రలో మత్త, ముత్త, మత్త, ముత్త. చిన్నప్పుడు నాయన పలక మీద దిద్దించిన గుణింతమే. మకు కొమ్మిస్తే ము. ఒక్క కొమ్ము, అంతే కదా అనుకుంటాను. అంతే కాదు.

జూలై 18

కార్డులకు జవాబులు వచ్చాయి. ఒకాయన "ముత్తయ్య గారే అని నా అభిప్రాయము" అని రాశాడు. ఇంకొకాయన "మత్తయ్య గారే అయి ఉండవచ్చును" అని. కింద ఇద్దరూ ఒకే మాట: మహాసభలో భోజన ఏర్పాట్లు ఎట్లున్నవి?

జూలై 19, శుక్రవారం

ప్రెసిడెంటు సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకరు మా నాయన, కాబట్టి ఇది నేను తేల్చకూడదు, మీరే తేల్చండి అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నాడు. "ఎందుకమ్మా పరేషాన్ అయితరు? మీ నాయన పేరే రాయుండ్రి. ఎవ్వలు అడుగుతరు?"

అదే నాకు గుచ్చుకుంది. ఎవరూ అడగరు. నిజమే. ఒప్పుకుంటే ఈ నిమిషంలో అయిపోతుంది. ఇంత పిచ్చిదాన్నా నేను, చేతికొచ్చింది తీసుకోను?

"శివ్వంపేట ముత్తయ్య సారు ఉన్నడా, పోయిండా?" అని అడిగాను.

"ఉన్నడు. కండ్లు కనబడవంట" అన్నాడు.

జూలై 20, శనివారం

శివ్వంపేట పోయి వచ్చాను. నర్సాపూర్‌లో బస్సు మారడానికి గంటన్నర. వాన. చెప్పు తెగింది.

ముత్తయ్య సారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లకు పొర కమ్మింది. పేరు చెప్పగానే "మత్తయ్య బిడ్డవా! అచ్చం గదే ముక్కు" అన్నాడు. ఆ కళ్లకు నా ముక్కు ఎలా కనిపించిందో.

మాటల పట్టీ గురించి అడిగాను. కొంచెం కూడా ఆలోచించలేదు.

"గవి మీ నాయిన రాసిండు బిడ్డా. నేను పక్కన కూసున్న."

మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. అప్పుడే లేచి వచ్చేసి ఉంటే ఎంత బాగుండేది! చాయ్ తాగి పొమ్మన్నారు. చాయ్ కాగేలోపు ఆయన తనలో తాను మొదలుపెట్టాడు. గీత, మూల, ముమ్మూల, నలుమూల, గుండ్రం, అరగుండ్రం... పన్నెండు పేజీలూ ఆ వరసలోనే. నేను సంచిలోని నకలు తీసి వేలు పెట్టి చూస్తున్నాను. ఒక్కటి తప్పలేదు. పైగా పట్టీలో లేనివి కూడా చెబుతున్నాడు. "చక్రం అందామనుకున్న, బండిది అనుకుంటరని గుండ్రం చేసిన. మూలమట్టం వద్దని మస్తు లొల్లి చేసిండ్రు. గా మాట తీస్తే అన్నీ తీసెయ్యుండ్రి అన్న."

చేసిన. అన్న. నేను, నేను.

"మరి మా నాయిన రాసిండన్నరు కదా సారూ?"

"అవును బిడ్డా, మీ నాయినే" అన్నాడు, మళ్లీ నవ్వుతూ.

కోడలు గడప దాకా వచ్చి నెమ్మదిగా చెప్పింది. "మామ మాట పట్టుకోకమ్మా. ఎవలేమడిగినా గది నీదే అంటడు. మొన్న ఒకాయన బర్రెను అడిగితే గది నీదే తీస్కపో అన్నడు. పట్టుకురానికి మాకు మస్తు తిప్పలైంది."

జూలై 21

రెండు వైపులా రాసి చూశాను. నాయన వైపు: మూలమట్టం అనేవాడు, ఆయనే అని ముత్తయ్య సారే చెప్పాడు. అటు వైపు: వరస, పట్టీలో లేని మాటలు, లొల్లి. కానీ ఏళ్ల తరబడి ఆ పట్టీ పెట్టుకుని పాఠం చెప్పినవాడికి వరస రాదా? పక్కన కూర్చున్నవాడికి లొల్లి తెలియదా?

నాయనే రాసి ఉంటే ఇంట్లో ఒక్కసారైనా చెప్పేవాడు కదా. చెప్పేవాడా? జ్వరమొచ్చినా చెప్పని మనిషి.

అమ్మ అడిగింది, పుస్తకం ఎప్పుడొస్తుందని. వస్తుందన్నాను. ఎవరి పేరుతో అన్నది మింగాను.

జూలై 24, బుధవారం

ఇద్దరి పేర్లూ వేద్దామా అన్నాను. ప్రెసిడెంటు సారు వినలేదు. "మినిట్స్‌ల ఒక్క పేరున్నది, ఇద్దరెట్లయితరు? రేపు ఎవ్వలన్న రూలు మాట్లాడితే? ఒక్కటే పేరు, ఈ వారంల ప్రెస్సుకు పోవాలె." గొళ్లెం తీర్మానానికి లేని రూలు దీనికొచ్చింది.

జూలై 26

అచ్చు కాపీ నా చేత్తోనే రాశాను. అట్ట పేజీ చివరికి పెట్టుకున్నాను. నాలుగుసార్లు రాశాను, మూడు చింపాను. నాలుగోది ముత్తయ్య. కొమ్ము పెట్టాను. గట్టిగా నొక్కి పెట్టాను, కార్బన్ మీద కూడా దిగింది.

నేను నమ్మింది అదే. నమ్మానా? ఆ మనిషి అరుగు మీద చెప్పిన తీరు చెవుల్లోంచి పోవడం లేదు. నాయనా, తప్పైతే క్షమించు.

హైదరాబాదు బస్సు కండక్టరు చేతికి కవరు ఇచ్చి వచ్చాను.

జూలై 30

అమ్మకు ఇవాళ చెబుదామనుకున్నాను. ఆమె చర్చి మహిళా సమాజంలో అప్పుడే అందరికీ చెప్పి వచ్చింది. "మా ఆయన పుస్తకం వస్తున్నది" అని. పక్కింటి చెరుకూరి వాళ్ల కోడలు వచ్చి నన్ను కూడా మెచ్చుకుని పోయింది.

ఆగస్టు 2

సభకు బ్యాడ్జీలు, టెంటు, నీళ్ల డ్రమ్ములు. సంఘం ముద్ర కనబడదు. చూస్తే ఇంకు డబ్బా కింద ఉంది.

ఆగస్టు 7, బుధవారం

నిన్న సాయంత్రం బస్సులో ప్రూఫ్ వచ్చింది. ఇంటికి తెచ్చుకున్నాను. తప్పులు దిద్ది ఇవాళ పది గంటల బస్సుకు పంపించాలి, ఇక మళ్లీ ప్రూఫ్ లేదు, నేరుగా అచ్చే అని చీటీ.

పొద్దున చాప మీద పరుచుకుని కూర్చున్నాను. ముందు అట్ట పేజీ తీశాను.

మత్తయ్య.

కార్బన్ నకలు తీశాను. కొమ్ము ఉంది, స్పష్టంగా. కంపోజిటర్ వదిలేశాడు. ము అచ్చుకు బదులు మ తగిలి ఉంటుంది చేతికి. పొరపాటా, దేవుని పనా? దేవునికి ప్రెస్సులో ఏం పని. అయినా... నేను సరిగ్గానే రాసి ఇచ్చాను కదా. నేను ఏ తప్పూ చేయలేదు. ఊరికే ఉంటే చాలు. ఊరికే ఉండడం తప్పు ఎలా అవుతుంది? ఒకవేళ అది నిజంగా ఈగే అయితే?

అమ్మ వచ్చింది. "అచ్చయిందా?" అని పక్కన కూర్చుని అద్దాలు పెట్టుకుంది. చేయి కొంగుకు తుడుచుకుని గాని కాయితం ముట్టలేదు. బైబిలు చదివినట్టే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

"మ... త్త... య్య." నా మొహం చూసింది. "మీ నాయినే కదనే."

గడియారం చూశాను.

తొమ్మిది దాటింది. కలం మూత తీసే ఉంది. బస్‌స్టాండుకు నడిచి పోవడానికే పావుగంట. అమ్మ ఇంకా లేవలేదు. వేలు పేరు మీదే పెట్టుకుని ఉంది. మ పక్కన, సరిగ్గా కొమ్ము రావలసిన చోట.

అమ్మా, జర వేలు తియ్యి అనాలి.