పీకాక్ వ్యాలీ నర్సింహులు

చిరంజీవి రాజశేఖర్‌ను దీవించి మీ తెలుగు మాస్టారు వ్రాయునది,

ఊరి పేరే తేలకుండా ఉండగా పైన స్థలమని ఏమి వ్రాయను? అందుకే స్థలాన్నీ తేదీనీ వదిలివేశాను.

నాయనా, ఈ వయస్సులో ఒక అద్భుతాన్ని చూశాను! నా ‘గుండ్లకుంట చరిత్ర’ను నీ ఖర్చుతో అచ్చు వేయిస్తానన్నావు, అయితే పుస్తకమంతటా గుండ్లకుంటకు బదులు, మన ఊరి పొలాల్లో ప్లాట్లు వేసిన నీ వెంచర్ పేరు ‘పీకాక్ వ్యాలీ’ ఉండాలన్నావు. అన్ని పుటలు దిద్దేదెప్పుడని దిగులుపడుతుంటే, గడ్డపోతారం మందుల కంపెనీలో కంప్యూటర్ పని చేసే మా కోడలు నిషిత నవ్వింది.

“ఒక్క లైన్ పని మామయ్యా! పైథాన్ అనే కంప్యూటర్ భాషల రిప్లేస్ అని కొట్టి, బ్రాకెట్ల ముందుగాల పాత మాట, కామా పెట్టి కొత్త మాట రాస్తే అయిపాయె.”

మీట నేనే నొక్కాను. రెప్పపాటులో ఊరు మారిపోయింది! ‘గుండ్లకుంటలో’ అన్నచోటల్లా ‘పీకాక్ వ్యాలీలో’! ‘వ్యాలీకు’ అని పడినచోట మాత్రం ప్రాణం చివుక్కుమని, మరొక వరుస వ్రాసి ‘వ్యాలీకి’ అని దిద్దాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఆ ఉత్సాహంతోనే ఇస్నాపూర్ వెళ్లి మీ నాన్నగారికి చదివి వినిపించాను. మన ఇళ్లలో ఊరి పేరే ఇంటిపేరు కదా! యంత్రానికి ఆ భేదం తెలియదు. “పీకాక్ వ్యాలీ నర్సింహులు ఊరికి తొలి బోరు వేయించెను” అనేసరికి ఆయన పగలబడి నవ్వాడు.

“ఏంది సారూ, గిది నేనేనా? మొన్న గా వెంచర్ కాడికి పోతే వాచ్‌మెన్ గేటు కాడనే ఆపిండు, ఎవలింటికి పోవాలె అని. లోపటికి రానియ్యరు గని, పేరు మాత్రం నాకు పెడ్తరా?”

అంతలో నవ్వు ఆగిపోయింది. “మా నాయిన పేరు గూడ గిట్లనే మార్చిన్రా?”

నేను కాగితాలు సర్దుకొని లేచాను. త్వరత్వరగా ఇంటికి వచ్చి, పాత ప్రతి పోయిందా అని నిషితను అడిగాను.

“పరేషాన్ గాకుండ్రి మామయ్యా. రిప్లేస్ పాతదాన్ని ముట్టదు. మార్చింది వేరుగ, కొత్తగ తయారు చేసి ఇస్తది.”

తెరిచి చూశాను. గుండ్లకుంట నర్సింహులు, ఆయన తండ్రి గుండ్లకుంట మొగులయ్య, అందరూ క్షేమం! ఈ ఆనందం ముందు ఆ చప్పట్లు ఏపాటివి?

కనుక ఆ పాత ప్రతినే నీకు పంపుతున్నాను. నీవు వేయించకపోతే అది అచ్చు కాకుండానే ఉండిపోతుంది, ఉండనీ. చివరి పుటలో నీ పేరూ ఉంది. ‘పీకాక్ వ్యాలీ రాజశేఖర్’ అని కనిపించినప్పుడు, ఈ అబ్బాయికి నేను ఏ తరగతిలో పాఠం చెప్పానా అని వెతుక్కున్నాను.

ఆశీస్సులతో,
ముకుంద్ మాస్టారు

తా.క.: జవాబు వ్రాసే ముందు మీ నాన్నగారి ఎదుట కూర్చొని, ఒక్క మాటైనా మార్చకుండా, ఈ ఉత్తరాన్ని గొంతెత్తి చదివి వినిపించు.