గురువమ్మాళ్ వాంగ్మూలం

జులై 7, ఉదయం 6

పంచవర్ణం పోయి నాలుగు రోజులు. అగ్గిపెట్టెల కంపెనీలో ఆమె పనిచేసే ప్యాకింగ్ గదికి నిప్పంటుకుంది. తలుపుకి బయటినుంచి తాళం. షిఫ్ట్ అయ్యేదాకా ఎవరూ కదలకూడదని. తలుపు తెరిచే ఉందట, ఆమే టిఫిన్ క్యారియర్ కోసం వెనక్కి పోయిందట. యజమాని పేపర్లకి ఇచ్చిన మాట ఇది. చచ్చినదాని మీద తిండిపోతు ముద్ర.

సూపర్‌వైజర్ హరిహరన్ తాళం వేయడం ఒక్క మనిషి చూసింది. నా చెల్లెలు గురువమ్మాళ్. నీళ్ళకని బయటికొచ్చి బతికింది. తిరిగొచ్చేసరికి వాడు తాళంచెవి జేబులో వేసుకుంటున్నాడట. తెరవమని అడగలేదా అన్నాను. సారు వేసినాడు కదన్నా, అంది.

జులై 9

కోవిల్‌పట్టి నుంచి చెల్లెలి ఊరికి వెళ్ళాను. దాని మొగుడు కుళందైసామి మొహం చిట్లించాడు. మీకేం బావా, సంఘం నోటీసు అచ్చుకొట్టి ఇంటికి పోతారు, మాకు రేపు కూడా ఆ గేటే కదా అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒకే పాట. పోనీ. కానీలే. సరిపెట్టుకో. పన్నెండో క్లాసు చదివిన పిల్ల ఒకతి, అడ్జస్ట్ చేసుకోవాల పెదనాయనా అంది.

మన ఇంటి తెలుగులో లొంగిపోవడానికి ఎన్ని మాటలు! ఎదురుతిరగడానికి వెతికితే ఒక్కటి తట్టలేదు. దానికి అరవం దగ్గర అరువు తెచ్చుకోవాలి. కరపత్రాలు అరవంలో రాసేది అందుకేనేమో.

విచారణలో సాక్ష్యం చెప్పి తీరాలన్నాను. సరి అన్నా, అంది చెల్లెలు. ఒక్క మాటకే ఒప్పుకుంది. పొంగిపోయాను.

జులై 13

విరుదునగర్ సభ. నలభై నిమిషాలు. వంగిన నడుములే యజమానికి మెట్లు అన్నాను. నా చెల్లెలు వంగదు అన్నాను. చప్పట్లు.

జులై 15

రాసిచ్చిన వాంగ్మూలం మూడుసార్లు చదివి వినిపించాను. తిరిగి చెప్పమన్నాను. మధ్యలో, పంచవర్ణం ఆ పొద్దు కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది, నాకూ ఒక మూర తుంచి ఇచ్చింది అని మొదలుపెట్టింది. పాయింట్‌కి రమ్మన్నాను.

బయల్దేరుతుంటే గడపదాకా వచ్చింది. విచారణ గదిలోకి నువ్వు రావాకు అన్నా, నువ్వుంటే నాకు నోరు రాదు, అంది. పెద్దన్న ఉన్నచోట ఆడది గొంతెత్తకూడదు. అమ్మ పాలతో పట్టిన భూస్వామ్య రోగం. దాన్ని అక్కడే వదిలించాలి. తప్పకుండా వస్తాను, పక్కనే కూర్చుంటాను అన్నాను.

సరి అన్నా, అంది.

జులై 17

రేపు విచారణ. హరిహరన్ ఈసారి తప్పించుకోలేడు.

జులై 18, మధ్యాహ్నం 3

అధికారి ఆడమనిషి. మర్యాదగానే అడిగింది. తాళం ఎవరు వేశారమ్మా? గురువమ్మాళ్ నావైపు చూసింది. అన్నకి తెలుసు, అంది. నువ్వు చూశావా? అన్న చెప్పింటే సరిగానే ఉంటుంది.

కంపెనీ వకీలు నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేవాణ్ణి. మీ అన్న ఆ పొద్దు అక్కడ ఉన్నాడా అని మెల్లగా అడిగాడు. లేదంది. మరి ఆయనకెట్ల తెలుసు? చెల్లెలు తల దించుకుంది. నేను లేచి అరిచాను, చెప్పవే, కళ్ళారా చూశావు కదా అని. చూసినా, అంది వెంటనే.

ఆ ఒక్క నిజమూ నేను పలికించినట్టే కాగితం మీదికెక్కింది.

వరండాలో పంచవర్ణం కూతురు ముత్తుసెల్వి నిలబడి ఉంది. పిన్ని చెప్పేసిందా మామా అని అడిగింది. చెప్పింది అన్నాను.

జులై 29

ఉత్తర్వు వచ్చింది. తలుపు మూసి ఉందనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదట. హరిహరన్ డ్యూటీలో చేరాడు. గురువమ్మాళ్ కూడా.

పత్రికకి వ్యాసం రాద్దామని కూర్చున్నాను. మా ఆడవాళ్ళు అని మొదలుపెట్టి కొట్టేశాను. మొగుణ్ణి ఎదిరించు, యజమానిని ఎదిరించు అని దానికి ఏళ్ళుగా చెప్తున్నాను. అది బతుకులో ఎదురు చెప్పింది నా ఒక్కడికే, ఒక్కసారే. లోపలికి రావద్దని. నేను వినలేదు.

ఆగస్టు 3

చెల్లెలి ఇంటికి వెళ్ళాను. కుర్చీ లాగింది. నీళ్ళు తెచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చో అన్నాను.

కూర్చుంది.